మా మేడ మీది లివర్ సారు

మా మేడ మీది సారు పోయారని మొన్న మధ్యాహ్నం వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయారట. ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తుండగానే నవ్వూ వచ్చింది. ఆ మనిషిని తల్చుకుంటే ఎవరికైనా అంతే.

పదిహేడేళ్ల కిందట మేడ్చల్‌లో మా ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండేవారు. ఆయన పరిశోధనంతా లివర్ మీద, అందులోంచి పైత్యరసం పేగులోకి దిగే సన్నటి గొట్టాల మీద. పొద్దున్నే స్కూటరేసుకుని అల్వాల్ మీదుగా పట్నంలోని ల్యాబుకు పోయేవారు. డాక్టరు చదువు చదివినా మందులు రాసేవారు కాదు. వీధిలో ఎవరైనా జ్వరమని వస్తే, "నాకు లివర్ ఒక్కటే తెల్సు. మిగతా ఒళ్లంత వేరే డాక్టర్ను అడుగుండ్రి" అని నవ్వుతూ పంపేసేవారు.

ఆదివారాలు శామీర్‌పేటలో మటన్ దుకాణానికి వెళ్లేవారు. కూర కోసం కాదు. "పిత్తం తిత్తి పల్గితె కూరంత చేదైతదని అందరు తీసి పారేయమంటరు. మీకేమో గదే కావాలె. ఏంది సారు గిది?" అని దుకాణం భాయ్ పరేషాన్ అయ్యేవాడట. దాన్ని లివర్‌తో సహా తెచ్చి మా డాబా మీద స్టీలు పళ్లెంలో కోసి, ఆకుపచ్చ రసాన్ని నాకు చూపించేవారు.

"మనం దొడ్డికి పోతె దానికి రంగొచ్చేది దీంతోనే అమ్మా. లివర్ నొప్పని మొత్తుకోదు. రంగుతోని చెప్తది."

నేను ముక్కు మూసుకుని వినేదాన్ని. మా అత్తమ్మ అయితే "గింత సదివి గిదేం పని" అని కిందినుంచే సణిగేది.

అప్పటికి నా చిన్న కూతురు పుట్టి నెల దాటింది. అత్తమ్మ రోజూ పసుపూ శనగపిండీ రాసి స్నానం చేయించేది. పిల్ల పచ్చగా మెరుస్తుంటే చూసినవాళ్లంతా బంగారు బొమ్మ అనేవారు, నేనూ మురిసిపోయేదాన్ని. ఒకరోజు అత్తమ్మ గుడ్డలు ఆరేస్తూ పక్కింటావిడ ముందు గొప్పలు పోయింది.

"మా పిల్ల గుడ్డలకు మరకనే పడదు. సున్నం లెక్క తెల్లగ పోతది. ఉత్త నీళ్లల్ల జాడిస్తె అయిపాయె."

మెట్లు దిగుతున్న సారు అక్కడే ఆగిపోయారు. ఉతకని గుడ్డ ఒకటి చూపించమన్నారు. పిల్లను వెలుతురులోకి తెప్పించి కళ్లు చూశారు. ఆయన మొహంలో నవ్వు లేకపోవడం నేను చూసింది అప్పుడే.

"కామెర్లా సారు? పసరు పోపిస్తం" అంది అత్తమ్మ.

"పసరు వద్దు పెద్దమ్మా. గొట్టాలు మూస్కపోయినట్టున్నయి. రసం లోపల్నే నిలిచి లివర్‌ను పాడు చేస్తది. ఆలస్యమైతె పిల్ల దక్కది. ఇయ్యాల్నే దవాఖానకు పోవాలె."

అత్తమ్మ ఉన్నచోటే కూలబడింది. "నా నోటితోని మురుసుకుంట చెప్పిన గద సారు."

"మీరు చెప్పబట్టే తెల్సింది. ఇగ లెవ్వుండ్రి."

ఆపరేషన్ చేసి పేగును పైకి తెచ్చి లివర్‌కు అతికించారు. ఇక పైత్యరసం దిగాలి, గుడ్డకు రంగు పడాలి, అంతకు మించి మా చేతుల్లో ఏమీ లేదన్నారు సర్జన్. అత్తమ్మా నేనూ ప్రతి గుడ్డా భయంభయంగా విప్పి చూసేవాళ్లం. తెల్లగానే ఉండేది. పిల్ల నాకు దక్కదనే అనుకున్నాను.

సారు రోజూ ల్యాబు నుంచి వచ్చి మంచం పక్కన నిలబడేవారు. ఓ సాయంత్రం మొహమాటపడుతూ అడిగారు.

"ఒకసారి ఎత్తుకోవచ్చునా అమ్మా? ఇసొంటి పిల్లల లివర్లు ఇన్నేండ్లు గాజుపలకల మీదనే చూసిన. బతికున్న పిల్లను ఎన్నడూ ఎత్తుకోలే."

ఎత్తుకోవడం కూడా సరిగా రాలేదు పాపం. అంతలోనే పిల్ల ఆయన ఇస్త్రీ చొక్కా భుజం మీదే దొడ్డికి పోయింది. నేను తువ్వాలు పట్టుకుని పరుగెత్తితే ఆయన తుడవనివ్వలేదు. కిటికీ దగ్గరికి పోయి భుజం చూసుకున్నారు. నర్సును పిలిచారు, సర్జన్‌ను పిలిచారు. అత్తమ్మ ఆయన కాళ్లు పట్టుకోబోతే పక్కకు తప్పుకున్నారు.

మా పాప ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. మందులూ పరీక్షలూ తప్పవు గానీ, నాతో పోట్లాడే ఓపిక మాత్రం మస్తుగా ఉంది. సారు పేరెత్తితే నాకు కనబడేది ఆ సాయంత్రమే. చొక్కా మార్చుకోమంటే వినకుండా మా ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద ఇంటికి బయల్దేరారు. దారిలో అల్వాల్‌లో మిఠాయి కొట్టు ముందు ఆపారట. కొట్టాయన ముక్కు మూసుకుని వెనక్కి జరుగుతుంటే, సారు మాత్రం పసిపిల్లాడిలా నవ్వుతూ భుజం ముందుకు పెట్టి చూపించారట.

"రంగొచ్చింది చూడు."