నాలుగు బొట్ల స్టీరింగు

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. కనీసం నేను అలాగే నమ్మేవాడిని, నాతో ఉన్నవాళ్ళకి ఆ నమ్మకాన్ని పంచడానికి శాయశక్తులా కృషి చేసేవాడిని. మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా అప్పుడే చేతికొచ్చింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఈ రెండింటి మధ్యలో ఉన్న కుర్రాడంత ప్రమాదకరమైన మనిషి మరొకడు ఉండడని ఇప్పుడు తెలుస్తోంది గానీ, అప్పుడు చెప్పేవాళ్ళు లేరు, చెప్పినా వినేవాడిని కాదు. నరసన్నపేటలో మా వీధిలో ఎవరింట్లో మిక్సీ ఆగినా, నూతి మోటారు నీళ్ళు ఎత్తకపోయినా పిలవకుండానే వెళ్ళి స్క్రూడ్రైవర్ తీసేవాడిని. (బాగుచేసినవి తక్కువే. విప్పినవి మాత్రం చాలా ఉన్నాయి.)

మా పెదనాన్నకి తెల్ల అంబాసిడర్ ఒకటి ఉండేది. వయసులో అది నాకంటే పెద్దది, మర్యాద కూడా దానికే ఎక్కువ దక్కేది. ముప్పై ఏళ్ళు దాన్ని టాక్సీగా తిప్పాడు. పేటలో పెళ్ళయితే పెళ్ళికూతుర్ని అత్తవారింటికి దిగబెట్టడానికి ఆయన్నే పిలిచేవారు. గతుకుల రోడ్డు మీద కూడా కుదుపు తెలియనిచ్చేవాడు కాదు, వెనకసీట్లో పిల్ల ఏడుస్తుంటే అద్దంలోకి తొంగిచూసేవాడు కాదు. అలాంటి పెదనాన్న కూతురికి, అంటే మా అప్పకి (అక్కని మేం అలాగే పిలుస్తాం), గజపతినగరం సంబంధం కుదిరింది. మగపెళ్ళివారు ఏసీ కారు పంపుతామన్నారు. అప్ప ఒప్పుకోలేదు. "పేటలో ఆడపిల్లలందర్నీ నువ్వే దిగబెట్టావు. నన్ను మాత్రం ముక్కూమొకం తెలీనోడి బండెక్కించి పంపించేస్తావేటి నాన్నా?" అంది. ఆ సాయంత్రం పెదనాన్న బండిని రెండుసార్లు కడిగాడు.

చిక్కల్లా స్టీరింగుతోనే వచ్చింది. ఎండకి ఎండి చక్రం రెండుచోట్ల పగిలిపోయింది. పెదనాన్న దానికి టేపు చుట్టి, టేపు మీద పాత తువ్వాలు చుట్టి తోలుతున్నా, పగుళ్ళు అరచేతుల్ని కొరికేస్తున్నాయి. ఎప్పుడూ పని చేసే మేస్త్రీ కాలు విరిగి మంచంలో ఉన్నాడు. సరిగ్గా అలాంటి అవకాశం కోసమే కాచుకుని ఉన్న నేను ముందుకొచ్చాను. పెదనాన్న నన్ను పైనుంచి కింది దాకా చూసి, "నీకు వస్తాదేట్రా?" అన్నాడు. "నాలుగేళ్ళు చదివాను పెదనాన్నా," అన్నాను. "సదివావో నేదో అడగనేదురా. వస్తాదా అని అడిగాను." వస్తుందన్నాను. తన బండి మీద ఆ మేస్త్రీది తప్ప ఇంకొకరి చెయ్యి పడనివ్వని మనిషి, నా చేతిలో తాళం పెట్టాడు.

విశాఖపట్నం వెళ్ళి, పాత సామాన్ల కొట్లన్నీ గాలించి, పగుళ్ళు లేని చక్రం ఒకటి సంపాదించాను. మూడు పుల్లల చక్రం అది. సంచిలో పట్టలేదు కాబట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని, రెండుచేతులా పట్టుకుని కూర్చున్నాను. టికెట్టు కొడుతూ కండక్టరు, "ఏటి డ్రైవరు బాబూ, మిగతా బండి ఎక్కడొగ్గేసొచ్చావు?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది. నాకు మాత్రం గర్వంగానే ఉంది.

పెళ్ళికి ముందురోజు పొద్దున్న పని మొదలుపెట్టాను. బండి ఇంటిపక్క ఇరుకు షెడ్డులో ఉంది. ముందు టైర్లు గోడవైపు తిరిగి ఉన్నాయి. (ఈ మాట గుర్తు పెట్టుకోండి, నేనైతే గుర్తు పెట్టుకోలేదు.) అప్పట్లో టచ్ ఫోన్లు కొత్త. దేశం కాని దేశంలో తెల్లగడ్డం ఆయనొకడు పాత కారు స్టీరింగు ఎలా విప్పాలో చూపిస్తున్న వీడియో దొరికింది. మా పేటలో అప్పటి సిగ్నలుకి అది నాలుగు క్షణాలు నడిచి, నలభై క్షణాలు గిరగిరా తిరిగేది. హారన్ బిళ్ళ ఎలా ఊడదీయాలో చూశాను, ఊడదీశాను. దాని కింద పెద్ద నట్టు ఉంటుందన్నాడు, ఉంది. పానా తగిలించి విప్పాను. అక్కడ వీడియో ఆగిపోయింది. ఇక ఆయనతో పనేముందని నట్టు పూర్తిగా తీసి జేబులో వేసుకుని, డాష్‌బోర్డుకి మోకాళ్ళు ఆనించి, చక్రాన్ని నా వైపు లాగాను. రాలేదు. అటూ ఇటూ ఊపి, దేవుణ్ణి తలుచుకుని, బలమంతా పెట్టి మళ్ళీ లాగాను. ఈసారి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా పట్టుకుని ఉన్నదంతా ఒక్కసారిగా వదిలేసి నేరుగా నా నుదుటిని తాకింది. సీటు మీద వెల్లకిలా పడి, గుండెల మీద స్టీరింగు పెట్టుకుని చుక్కలు లెక్కపెడుతుండగా, పక్కన ఫోనులో వీడియో మళ్ళీ కదిలింది. ఏం చేసినా నట్టు మాత్రం పూర్తిగా తీయకండి, రెండు మరలు ఉంచే లాగండి, లేకపోతే చక్రం ముఖం పగలగొడుతుంది అని తెల్లగడ్డం ఆయన చాలా శాంతంగా చెప్పాడు.

ఇంతకీ చక్రం లాగడానికి ముందే నేనొక తెలివైన పని చేశాను. పాత చక్రం మధ్యపుల్ల ఏ దిక్కుకి ఉందో, చక్రాన్ని తొడిగే ఇరుసు మీద గుర్తు పెట్టుకుంటే, కొత్తచక్రం పుల్లని అదే గుర్తుకి ఎదురుగా బిగించవచ్చు. సుద్దముక్క కోసం వెతికితే పెళ్ళింట్లో అన్నీ ఉన్నాయి, అదొక్కటి లేదు. అరుగు మీద కుంకుమ భరిణ కనిపించింది. నూనె చేత్తో చిటికెడు తీసి ఇరుసు అంచున ఒక బొట్టు పెట్టాను. ఆ తర్వాత పని మధ్యలో ఆపకుండా ఉంటే ఈ కథ లేదు. బొప్పి కట్టిన నుదుటికి పసుపు రాయించుకోవడానికి ఇంట్లోకి వెళ్ళి, ఎలాగూ వెళ్ళాను కదా అని భోజనం చేసి, ఎలాగూ తిన్నాను కదా అని కాసేపు నడుం వాల్చాను.

తిరిగొచ్చేసరికి ఇరుసు చుట్టూ నాలుగు బొట్లున్నాయి. నాలుగు దిక్కులా, కొలిచినట్టు.

మా మామ్మ, అంటే పెదనాన్నకీ మా నాన్నకీ అమ్మ, పళ్ళెంలో పసుపు కుంకుమ పట్టుకుని పెళ్ళిసామాను మొత్తానికి బొట్లు పెట్టుకుంటూ వస్తోంది. బీరువాకి పెట్టింది, ట్రంకుపెట్టెకి పెట్టింది, గుమ్మాలకి పెట్టింది. షెడ్డులోకి తొంగిచూస్తే పిల్లని మోసుకెళ్ళే బండికి ఒకే ఒక్క బొట్టు కనిపించింది. "పెళ్ళింట ఒంటిబొట్టు పెట్టి ఒగ్గేస్తావేట్రా గుంటడా? నానొచ్చి సూసాను కాబట్టి సరిపోయినాది," అని నన్నే కోప్పడింది. నేను పెట్టిన బొట్టు ఏదో చెప్పమని కాళ్ళా వేళ్ళా పడ్డాను. "బొట్టుకి నీదీ నాదీ అని ఉంటాదేటి?" అంది. ఇక నా బుర్ర వాడక తప్పలేదు. నాలుగింట్లో మూడు కొంచెం అలికినట్టున్నాయి, ఒకటి మాత్రం గుండ్రంగా, చక్కగా ఉంది. మామ్మకి చేతులు వణుకుతాయి కాబట్టి ఆ చక్కని బొట్టు ఇంజనీరుది అయి ఉండాలి అని తేల్చాను. (డెబ్భై ఏళ్ళుగా రోజూ బొట్లు పెడుతున్న చెయ్యి ఎవరిదో, జిడ్డు చెయ్యి ఎవరిదో ఆ క్షణాన తట్టలేదు.) కొత్తచక్రం ఎక్కించి, పానాకి ఇనప గొట్టం తొడిగి, దాని మీద నా బరువంతా వేసి నట్టు బిగించాను. బండి బయటికి తీసి చూద్దామంటే షెడ్డు ముందు అప్పటికే పందిరి లేచింది.

పెళ్ళి బాగా జరిగింది. మర్నాడు పొద్దున్న కుర్చీలు తీసి దారి చేసి, బండికి పూలు కట్టి, అప్పగింతలు పెట్టారు. అందరూ ఏడ్చారు. అప్ప, కొత్త బావ వెనక కూర్చున్నారు, నేను ముందు. పెదనాన్న చక్రం మీద చేతులేసి, "ఇదేట్రా, ఇలాగ తిరిగున్నాది?" అన్నాడు. టైర్లు పక్కకి ఉన్నాయి కాబట్టి అలా కనిపిస్తోందనీ, కదిలితే సర్దుకుంటుందనీ ధీమాగా చెప్పాను. ఆయన ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ చక్రాన్ని నిలువుగా తెచ్చి, ముందుకి చూస్తూ క్లచ్ వదిలాడు. బండి ముందుకి పోలేదు. పక్కకి తిరిగి, కుయ్యిమని హారన్ కొట్టుకుంటూ వెళ్ళి పందిరి గుంజని గుద్దింది. కొబ్బరాకులూ మామిడాకులూ మెల్లగా వచ్చి బానెట్టు మీద పడుకున్నాయి. ఏడుస్తున్నవాళ్ళు ఏడుపు ఆపేశారు. మామ్మ వచ్చి, "ముందు టైర్లు ఎటున్నాయో సూసుకుని బిగించొద్దేట్రా?" అంది.

హారన్ తీగ ఎక్కడో నలిగినట్టుంది, కుడివైపు తిప్పినప్పుడల్లా మోగుతోంది. చక్రం తొంభై డిగ్రీలు పక్కకి ఉంది. విప్పుదామని చూస్తే నట్టు కదల్లేదు, అంత గట్టిగా బిగించిన ఘనత నాదే. పదకొండింటికి వర్జ్యం, ఈలోగా పిల్ల అత్తవారింట కాలు పెట్టాలి. "మా బండి పిలిపించమంటారా మావయ్యగారూ?" అని కొత్త బావ మర్యాదగా అడిగాడు. పెదనాన్న తల దించుకున్నాడు. ఆ తల చూస్తే, అక్కడికక్కడ భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది నాకు. అప్పుడు అప్ప కళ్ళు తుడుచుకుని, "తమ్ముడా, దిగి టైర్లు సూడు. సూటిగా వస్తే సెప్పు," అంది. నేను రోడ్డు మీద బోర్లా పడుకుని చూస్తూ చెప్పాను, పెదనాన్న తిప్పాడు. అప్ప జడలోంచి మల్లెదండ ముక్క తుంపి, ముందుకి వంగి, చక్రానికి పైన కట్టింది. "పువ్వులు నీ మొకానికెదురుగా పైనుంటే బండి సూటిగా ఎల్తన్నట్టు. మరింకేటీ సూడకు నాన్నా."

అలా బయల్దేరాం. పెదనాన్న పెదవుల్లోనే "పువ్వులు పైన, పువ్వులు పైన" అనుకుంటూ నలభై దాటకుండా తోలాడు. కుడికి తిరిగినప్పుడల్లా హారన్ ఊరంతా వినపడేది. పూలబండి కదా, సంబరం అనుకుని రోడ్డు పక్క జనం చేతులూపారు. విజయనగరంలో ఒక సర్కిల్ చుట్టూ తిరుగుతుంటే అది గుక్క తిప్పుకోకుండా కూసింది, ట్రాఫిక్ పోలీసు సెల్యూట్ లాంటిది ఏదో చేశాడు. ముందు కొత్త బావకి నవ్వొచ్చింది, తర్వాత అప్పకి, తర్వాత నాకు. కడుపు పట్టుకుని నవ్వుతూ అత్తవారింటికెళ్ళిన పెళ్ళికూతురు మా వైపు అప్ప ఒక్కతే అనుకుంటాను. వర్జ్యానికి పావుగంట ముందు గజపతినగరంలో ఆమె కుడికాలు పెట్టింది.

తిరిగొచ్చేటప్పుడు ఊరు దాటగానే పెదనాన్న టీకొట్టు దగ్గర బండి ఆపాడు. వెనకసీటు ఖాళీ. తిట్లు తినడానికి సిద్ధంగా నిలబడ్డాను. ఆయన టీ గ్లాసు పట్టుకుని, "స్టీరింగు సక్కగా ఉండుంటే మడపాం వంతెన దాటకముందే ఏడిసీసి, బండిని పొలంలోకి దింపేసేవోణ్ణిరా. నువ్వు సేసిన పనికి ఏడవడానికి ఖాళీ దొరకనేదు," అన్నాడు. ఆ మాట అన్నాక ఖాళీ దొరికింది. టీ పక్కన పెట్టి తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

పెద్దవాళ్ళు ఏడుస్తుంటే ఏం చేయాలో నాలుగేళ్ళ చదువులో ఎవరూ చెప్పలేదు. అందుకని, ఇరుసు మీద పళ్ళెలా ఉంటాయో, పావుచుట్టు తేడా ఎందుకొచ్చిందో పది నిమిషాల పాటు వివరించాను. ఇప్పుడా కుర్రాడు ఎదురుపడితే, నోరు మూసుకుని ఆయన పక్కన కూర్చోరా అని చెప్పాలనిపిస్తుంది. పెదనాన్న మాత్రం అంతా విన్నాడు. కళ్ళు తుడుచుకుని, నా వీపు మీద చెయ్యి వేసి, "బాగానే సదివావురా," అన్నాడు.