రెండు రోజులు పెద్ద బండిలో

నలభై ఆరేళ్ల వయసులో నాకు పాత ఎస్‌యూవీ ఒకటి కొనుక్కుని, రోజూ దానిలోనే ఆఫీసుకు వెళ్ళాలన్న కోరిక పుట్టింది. అది ఎక్కడ పుట్టిందో కూడా చెప్పగలను. కొత్తగూడ జంక్షన్‌కు కాస్త ఇవతల, మోకాలి లోతు వాననీళ్ళలో ఆగిపోయిన నా చిన్న కారులో.

ఆ సాయంత్రం కాళ్ళ కింద మ్యాట్లు తేలుతుంటే, లాప్‌టాప్ బ్యాగు చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కనుంచి ఎత్తయిన పాత బండి ఒకటి నీళ్ళను తోసుకుంటూ నింపాదిగా వెళ్ళిపోయింది. అది లేపిన అల వచ్చి నా తలుపును కొట్టింది. నడిపే మనిషి నావైపు చూడను కూడా చూడలేదు. నాకు కోపం రావాల్సింది. అసూయ కలిగింది.

కారు మూడు రోజుల్లో బాగుపడింది. నేను బాగుపడలేదు. రోజూ అన్నం తింటూ ఫోన్‌లో బండ్ల వీడియోలు చూసేవాణ్ణి. ఎవరెవరో నదులు దాటేవారు, ఇసుక దిబ్బలు ఎక్కేవారు. నేను పప్పులో నెయ్యి కలుపుకుంటూ వాళ్ళ తప్పులు ఎంచేవాణ్ణి. బండి అడుగుకీ నేలకీ మధ్య ఉండే ఎత్తును చెప్పే ‘గ్రౌండ్ క్లియరెన్స్’ అన్న మాట ఇంట్లో ఎన్నిసార్లు అన్నానో, ఒక ఆదివారం మా ఆవిడ చీపురు పట్టుకుని, “ఈ సోఫాకి గ్రౌండ్ క్లియరెన్స్ లేదండీ, కాస్త జరపండి,” అంది.

కొత్తది కాకుండా పాతదే ఎందుకంటే దానికీ ఒక లెక్క ఉంది. కొత్త బండి ఎవరైనా కొంటారు. పాతది కొన్నాడంటే వీడికి బండ్ల సంగతి బాగా తెలుసని నలుగురూ అనుకుంటారు. నాకు కావలసింది ఆ అనుకోవడమే. నిజానికి బానెట్ ఎత్తితే వైపర్ నీళ్ళు పోసే చోటు తప్ప నాకు ఇంకేమీ తెలియదు. అయినా ఆఫీసులో నా వరసలో కూర్చునే వాళ్ళందరికీ బండి దాదాపు ఖాయమైందని ముందే చెప్పేశాను.

మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది. “చందానగర్‌కీ మీ ఆఫీసుకీ మధ్య ఈమధ్య కొండలేమైనా లేచాయా?”

శేరిలింగంపల్లిలో ఒక పన్నెండేళ్ల డీజిల్ బండి అమ్మకానికి ఉందని ప్రకటన చూసి ఇంకో ఆదివారం వెళ్ళాను. సందు చివర పాత ఇల్లు. తలుపు తీసిన ఆవిడ నా భుజం ఎత్తు ఉంటుందేమో. అరవై దాటి ఉంటాయి. బండి విషయం మాట్లాడాలి, సారు ఉన్నారా అని అడిగాను.

“ఏ సారు? బండి నాదే. పన్నెండేండ్ల సంది నేనే నడుపుతున్న,” అంది.

అప్పుడు నా ముఖం ఎలా ఉందో నాకు తెలియదు కాని, ఆవిడకు మాత్రం నవ్వొచ్చింది. లోపల కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరయిందట. ఊళ్ళల్లో డ్యూటీ పడ్డ రోజుల్లో వానాకాలం బస్సులు రాకపోతే ఎవరినీ బతిమాలడం ఇష్టం లేక ఈ బండి కొనుక్కుందట. ఒకసారి దవాఖాన చేరేలోపే వెనక సీట్లో ఒక కాన్పు చేసిందట. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతున్నదని చెప్పింది. ఇప్పుడు ఎడమ మోకాలు అరిగింది, క్లచ్ తొక్కొద్దని డాక్టరు చెప్పాడు, అందుకే అమ్మకం.

మీకెందుకు ఈ బండి అని తనూ అడిగింది. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్ళడానికి అన్నాను. కాన్పు సంగతి విన్న వెంటనే ఆ మాట చెప్పడానికి కొంచెం సిగ్గేసింది. ఆవిడ సందులోంచి బండిని ఒకే ఊపులో వెనక్కి తీసి నా ముందు ఆపింది. సీటు మీద ఒక దిండు ఉంది. అది తీసి చంకలో పెట్టుకుని, “రెండు రోజులు తీస్కపోండ్రి సారు. ఆఫీసుకు పోయి రాండ్రి. రోజు నడిపేది మీరు, నన్నడిగితే ఏం తెలుస్తది?” అంది. నేను వచ్చిన చిన్న కారూ దాని కాగితాలూ అప్పటిదాకా తన దగ్గర ఉంచుకుంటానంది. సరేనన్నాను.

నా చిన్న కారు ఆటోమేటిక్, దానికి క్లచ్ లేదు. ఎనిమిదేళ్ళుగా నా ఎడమకాలు ఏ పనీ చేయకుండా జీతం తీసుకుంటోంది. ఆదివారం ఖాళీ రోడ్ల మీద ఎలాగో ఇల్లు చేరాను కాని, ఆ సంగతి నాకు గట్టిగా సోమవారం పొద్దున కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే గుర్తొచ్చింది. ఎత్తులో ట్రాఫిక్ ఆగింది. మళ్ళీ కదిలింది. నేను కదల్లేదు. ఇంజన్ ఆగిపోయి బండి మెల్లగా వెనక్కి జారింది. వెనక స్కూటీ మీదున్న అమ్మాయి చేత్తో నా బండిని తట్టింది, గేదెను ఆపినట్టు. బ్రేకు గట్టిగా తొక్కాను. మూడోసారికి బండి ముందుకు దూకింది. ఆ అమ్మాయి నన్ను దాటుతూ, “జర చూస్కోని నడుపుండ్రి అంకుల్,” అని వెళ్ళిపోయింది. అంకుల్ అన్నందుకు బాధపడే తీరిక కూడా లేకపోయింది.

అసలు ఘట్టం ఆఫీసు సెల్లార్ దగ్గర జరిగింది. ఏటవాలు దారిలో సగం దిగాక పైన ఏదో గీరుకున్న చప్పుడైంది. సెక్యూరిటీ అతను పరుగెత్తుకొచ్చి పైకి చూశాడు. “సార్, మీద సామాన్ల క్యారియర్ స్లాబుకు తాకుతున్నది. ఎనకకు తీయాలె,” అన్నాడు. వెనక అప్పటికే కార్ల వరస పడింది. అతను ఒక్కో కారునూ వెనక్కి పంపుతుంటే, నేను అద్దంలో వాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చున్నాను. అందులో మూడు ముఖాలు మా టీమువి. ఒకటి మా మేనేజరుది. నా వంతు వచ్చినప్పుడు ఏటవాలులో వెనక్కి తీయడం రాక, చివరికి తాళం సెక్యూరిటీ అతనికే ఇచ్చాను. అతను ఒక చెయ్యి కిటికీ బయట పెట్టుకుని అరనిమిషంలో తీసేశాడు. నేను బండి వెనకాల పైకి నడిచాను.

మంగళవారం బండి మా వీధిలోనే ఉంది. నేను ఆటో పిలిచాను.

“బండికేమైందండీ?” అని అడిగింది మా ఆవిడ.

“ఇవాళ విశ్రాంతి ఇద్దామని.”

“బండికా?” అంది. ఎడమకాలు కుంటుతూ ఆటో ఎక్కాను.

ఆ సాయంత్రం బండి తిరిగి ఇవ్వడానికి వెళ్ళేటప్పుడు దారంతా సాకులు కట్టుకున్నాను. మైలేజీ అందామనుకున్నాను, టైర్లు అందామనుకున్నాను. తీరా వెళ్ళేసరికి నా చిన్న కారు కడిగి తుడిచి మెరుస్తోంది. ఆవిడ దాన్ని రెండు రోజులూ నడిపిందట. చందానగర్ మార్కెట్‌కు పోయిందట, చెల్లెలి ఇంటికి పోయిందట.

“ఎడమకాలికి పనే లేదు సారు ఇందుల. రెండు దినాలు మోకాలు నొయ్యలే,” అంది. ఇలాంటి బండ్లు ఉన్నాయని తనకు ఎవరూ చెప్పలేదట. బండి అమ్మితే ఇక నడపడమే ఉండదనుకుని నెల నుంచి పరేషాన్‌లో ఉందట. అది చెప్తున్నప్పుడు ఆవిడ నా కారు మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

ఆ మనిషి ముందు మైలేజీ కబుర్లు చెప్పబుద్ధి కాలేదు. ఫ్లైఓవర్ గురించీ, సెల్లార్ గురించీ, ఆటో గురించీ ఉన్నదున్నట్టు చెప్పేశాను. వానలో ఆగిపోయిన సాయంత్రం సంగతీ చెప్పాను. అంతా విని ఆవిడ, “మీకు బండితోని పని లేదు సారు. వాన పడ్డనాడు ఇంకో గంట ఆఫీసుల కూసుంటే అయిపాయె,” అంది. నెలరోజుల వీడియోల్లో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

తరువాత ఆవిడ నాకు రెండుసార్లు ఫోన్ చేసింది. క్లచ్ లేని బండ్లలో ఏది మంచిదని నన్ను సలహా అడిగింది. జీవితంలో మొదటిసారి బండ్ల గురించి నన్నొకరు అడిగారు. గొంతు సవరించుకుని చాలాసేపు చెప్పాను. ఆవిడ అంతా విని, తనకు నచ్చిన ఇంకొకటి కొనుక్కుంది. పెద్ద బండిని చేవెళ్ళ దగ్గర కూరగాయలు పండించే తమ్ముడికి ఇచ్చేసింది. అది తెలిసినప్పుడు నాకు కాస్త గుండె కలుక్కుమంది, అంతకంటే ఎక్కువ హాయిగా అనిపించింది.

ఆఫీసులో మాత్రం ఇంజన్‌లో ఏదో లోపం కనిపించిందనీ, నాలాంటి వాడి కంటికి అలాంటివి దొరికిపోతాయనీ చెప్పాను. ఇంజన్‌లో ఏ లోపమూ లేదు. మా మేనేజరు ఆ మాట మర్యాదగా విని, సెల్లార్ ఊసెత్తకుండా తల ఊపాడు.