మూల ముక్క సాయిలక్ష్మిది

ఈ మధ్య పోర్ట్ బ్లెయిర్‌లో ఒక హోటలు వాళ్లు ఆదివారం ఆదివారం బోర్డు పెడుతున్నారు. బ్రంచ్ అట. అందులో ఫ్రెంచ్ టోస్ట్ క్యాసెరోల్ అట. రాత్రంతా నానబెట్టి పొద్దున్నే కాల్చిందట. టూరిస్టులు ముందు ఫోటోలు తీసుకుని ఆ తర్వాత తింటున్నారు. మొన్న ఆ హోటలు మేనేజరు బ్రెడ్డు ఆర్డరివ్వడానికి నా బేకరీకి వచ్చి, "సత్యారావు గారూ, ఆప్‌కో మాలూమ్ నహీ హోగా, ఇది ఫ్రాన్స్ ఐటమ్" అని నాకే పాఠం చెప్పబోయాడు. ఒళ్లు మండిపోయింది. "ఫ్రాన్సూ లేదు, నా తలకాయా లేదు. అది మా పేట, బతు బస్తీ ఐటమ్. నీ ఆర్డరూ వద్దు, నువ్వూ వద్దు, వెళ్లు" అని పంపేశాను. పాపం, అతని తప్పేం లేదు. ఆ వంటకం పేరెత్తితే నాకు మనసు మనసులో ఉండదు.

మేం దాన్ని తాతమ్మ ట్రే అనేవాళ్లం.

తాతమ్మ అంటే ముసలామె అనుకునేరు. పేరే అది. శ్రీకాకుళం వైపు ఆడపిల్లలకు పెట్టే పేరు. మా వీధిలోనే ఉండేది. మొగుడు దానయ్య చాతంలో కలప కోసే సా మిల్లులో పనిచేసేవాడు, కామెర్లు ముదిరి పోయాడు. మిగిలింది ఒక్క కూతురు, సాయిలక్ష్మి. తాతమ్మ ఒక గెస్ట్ హౌసులో వంటమనిషిగా చేరి పిల్లను చదివించింది. ఆ గెస్ట్ హౌసులో దిగిన ఎవరో ఆఫీసరు భార్య ఈ వంట నేర్పిందట. నిన్నటి బ్రెడ్డు ముక్కలు ట్రేలో పరవాలి. గుడ్లు, పాలు, పంచదార, ఏలకుల పొడి గిలక్కొట్టి పైన పోయాలి. దీవుల్లో పాలంటే పాలపొడి కలిపిన నీళ్లేననుకోండి. తడిగుడ్డ కప్పి వదిలేస్తే తెల్లారేసరికి బ్రెడ్డు పాలన్నీ తాగేసి ఉబ్బుతుంది. అప్పుడు కాల్చాలి.

కాల్చడానికి ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? అందుకని శనివారం సాయంత్రం నానబెట్టి, ఆదివారం పొద్దున్నే ట్రే నెత్తిన పెట్టుకుని నా దగ్గరికి వచ్చేసేది. నాది కట్టెల భట్టీ. బ్రెడ్లు తీసేశాక కూడా ఇటుకల్లో వేడి మిగిలి ఉంటుంది చూశారూ, ఆ వేడికే నిదానంగా కాలాలి. మంట ఉన్నప్పుడు పెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఊరికే పోయే వేడే, నాకేం పోయింది? అయినా విసుక్కునేవాణ్ని. మా వైపు అక్కని అప్పా అంటాం.

"అప్పా, ఇది నా బేకరీయా, నీ వంటిల్లా?"

"ఓలమ్మో, పెద్ద బేకరీ! జరుగు తమ్ముడూ" అని తనే పొడుగాటి చెక్క పార అందుకుని ట్రే లోపలికి తోసేది.

టిఫిను వేళ దాటిపోయి, భోజనం వేళ ఇంకా కాని సమయానికి ట్రే బయటికి వచ్చేది. వీధిలో సగం మంది నా బల్ల చుట్టూ చేరిపోయేవారు. కానీ మూల ముక్క సాయిలక్ష్మిది. రెండు పక్కలా అంచు గట్టిపడి కరకరలాడుతుంది, ఆ పిల్లకి అదంటే ప్రాణం. అది కోసి పక్కన పెట్టాకే మిగతావాళ్లకు. ఓసారి నేను సరదాకి చెయ్యి పెట్టబోతే, "మామా, ముట్టుకుని చూడు నీ సంగతి!" అని నా చేతి మీద ఒక్కటిచ్చింది. అప్పుడు పదో తరగతి. టీచరయ్యి, రాత్రంతా షిప్పులో వెళ్లాల్సిన కార్ నికోబార్ దీవి స్కూల్లో చేరాక కూడా ఆ రూలు మారలేదు. సెలవులకు షిప్పు దిగిన ఆదివారం సరాసరి నా బేకరీకే వచ్చేది.

రెండువేల నాలుగు డిసెంబరులో మాకు గుడ్లు లేవు. మెయిన్‌లాండ్ నుంచి రావలసిన షిప్పు రాలేదు. ఇక్కడ అంతే, షిప్పు ఆలస్యమైతే ఉల్లిపాయలూ ఉండవు, గుడ్లూ ఉండవు. క్రిస్మస్ కేకుల ఆర్డర్లు పెట్టుకుని నేను తల పట్టుకు కూర్చున్నాను. సాయిలక్ష్మి ఫోను నా షాపుకే వచ్చేది. ఆ పిల్ల గొంతు రిసీవరు దాటి వీధిలోకి వినిపిస్తుంది. ఆ రోజు ఫోను వస్తే తాతమ్మను పిలిచి ఇచ్చాను.

"గుడ్లు లేవే అమ్మా" అంది తాతమ్మ. "ఈపాలికి ట్రే లేదు. ఉప్మా తిందువుగాని."

"ఉప్మా కోసం నేను షిప్పెక్కాలా? గుడ్లు నేను తెస్తానమ్మా. ఇక్కడ మా స్టూడెంట్ ఇంట్లో బోల్డు కోళ్లున్నాయి. శనివారం సాయంత్రం షిప్పెక్కుతాను. మామకి చెప్పు, ఆదివారం భట్టీ ఖాళీగా ఉంచమని."

"ఖాళీగా ఉంచక ఏం చేస్తాను? గుడ్లుంటే కదా నా భట్టీకి పని" అని నేను అరిచాను. అవతల పకపకా నవ్వింది. ఆ నవ్వే ఆఖరు.

తీరా క్రిస్మస్ ముందు మెయిన్‌లాండ్ షిప్పు వచ్చేసింది. గుడ్లు దిగాయి. తాతమ్మ మళ్లీ మళ్లీ ఫోను చేసింది, అక్కడ స్కూలు మూసేశారు, ఎవరూ ఎత్తలేదు. "పోనీలే అప్పా, తెచ్చిన గుడ్లు నేను కొనుక్కుంటాను" అన్నాను. శనివారం సాయంత్రం ఆమె కొన్న గుడ్లతోనే ట్రే నానబెట్టింది. పిల్ల వస్తుందని వెన్న ఎక్కువ వేసింది.

ఆదివారం పొద్దున నేను బ్రెడ్లు తీసేశాను, తాతమ్మ ట్రే తోసింది, భట్టీ తలుపు వేసింది. ఇంతలో కాళ్ల కింద నేల గురగురమంది. తర్వాత ఊగడం మొదలైంది. అది ఆగదే! డబ్బాలు, సీసాలు, మైదా బస్తాలు అన్నీ మీద పడుతున్నాయి. నేను నా భార్య సుందరిని, తాతమ్మను చెరో చేత్తో పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చాను. నా కళ్ల ముందే భట్టీ గూడు నిలువునా చీలిపోయింది. మా నాన్న కట్టిన భట్టీ. ఏడుపొచ్చింది.

ఊగడం ఆగగానే తాతమ్మ లోపలికి పరిగెత్తి ట్రే బయటికి లాగింది. దాని నిండా ఇటుక పొడి. చాకు పెట్టి పై పొర గీకేస్తూ, "మూల ముక్క బాగానే ఉన్నాది" అంది.

కాసేపటికి పల్లం వైపు నుంచి జనం తడిబట్టలతో పరిగెత్తుకొస్తున్నారు. "సముందర్ రోడ్డు మీదికి వచ్చేసింది, భాగో!" అని కేకలు. ఆ తర్వాత ఎవరో రేడియో పట్టుకుని కూర్చున్నారు. కార్ నికోబార్‌ను సముద్రం ముంచేసిందన్నారు. నేను రేడియో దగ్గరికి పరిగెత్తాను. తాతమ్మ మాత్రం నిబ్బరంగా ఉంది.

"మా గుంట షిప్పులో ఉన్నాది తమ్ముడూ. నిన్న సాయంత్రమే ఎక్కీసుంటాది. నడి సముద్రంలో ఉన్నోళ్లకి ఏటీ అవదు. మా అయ్య చేపలేటకి ఎళ్లినోడే, నాకు తెల్దా?"

నిజమేననిపించింది. గట్టు మీదున్నవాళ్లకే గండం, షిప్పులో ఉన్నవాళ్లకు కాదు. వీధంతా ఆ మాట పట్టుకుని ఊపిరి తీసుకుంది. తమవాళ్ల జాడ తెలియక ఏడుస్తున్న ఆడవాళ్లను ఆ రోజు తాతమ్మే ఓదార్చింది. ట్రే మీద గుడ్డ కప్పి ఉంచింది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

ఆదివారం రావలసిన కార్ నికోబార్ షిప్పు మర్నాడు వచ్చింది. హార్బరులో ఇసుక వేస్తే రాలనంత జనం. ఒక్కొక్కరే దిగుతున్నారు, ఏడుస్తున్నారు, కావలించుకుంటున్నారు. తాతమ్మ ప్రతి ఆడపిల్ల మొహంలోకి తొంగి చూసింది. అందరూ అయిపోయాక మా వీధి నూకన్న దిగాడు. ఆ షిప్పులో ఖలాసీ అతను. చేతిలో ఒక బుట్ట ఉంది.

"పాపేదిరా?" అంది తాతమ్మ.

నూకన్న బుట్ట ఆమె ముందు దించాడు. "అప్పా... అక్కడ షిప్పు గట్టు దాకా రాలేదు, బోట్లలో తీసుకెళ్లి ఎక్కించాం. కెరటం ఎక్కువుంది, బోటుకి ఇంతమందేనన్నారు. ఆఖరి బోటు కూడా నిండిపోయింది. అప్పుడొచ్చింది పరిగెత్తుకుంటా. గుడ్ల కోసం దూరం ఊరెళ్లిందట. మనిషికి చోటు లేదమ్మా అన్నాం. అయితే బుట్టకుంటాది కదా, మా అమ్మకిచ్చెయ్ నూకన్నా, నేను వచ్చే షిప్పుకొస్తాను అంది. నవ్వుతానే ఉంది అప్పా."

తాతమ్మ అక్కడే కూలబడి బుట్ట విప్పింది. కొబ్బరి పీచులో ఒద్దికగా సర్దిన నాటు గుడ్లు. అంత సముద్రం దాటొచ్చినా ఒక్కటి పగల్లేదు.

"గుడ్లు లేవని ఎందుకు చెప్పాను తమ్ముడూ?" అంది నా వైపు చూసి. "ఉప్మా తిన్నా సరిపోయీది కదా."

నేను బుట్ట అందుకుని ఆమెను లేవదీశాను.

తర్వాత ఇద్దరం తిరగని చోటు లేదు. విమానాల్లో తెచ్చినవాళ్లను ఉంచిన ప్రతి శిబిరం, ప్రతి ఆస్పత్రి వార్డు చూశాం. ఆ ఒడ్డున ఊళ్లకు ఊళ్లే లేవన్నారు, సాయిలక్ష్మి ఉండే క్వార్టరు జాడే లేదన్నారు. శవం దొరికిందని కూడా ఎవరూ చెప్పలేదు. దొరకలేదు కాబట్టి ఉంది, ఇదీ తాతమ్మ లెక్క. ఆ లెక్క తప్పని చెప్పే ధైర్యం వీధిలో ఎవరికుంది?

బుట్టలో గుడ్లు పాడైపోతాయని మా పెరట్లో గంపలో పొదుగుకొచ్చిన కోడి కింద పెట్టింది. పిల్లలైతే సాయిలక్ష్మి వచ్చి చూసుకుంటుందట. ఓడలో కుదిపిన గుడ్లు పిల్లలు కావడం కష్టమని నాకు తెలుసు, చెప్పలేకపోయాను. కోడి ఓపికున్నంత కాలం కూర్చుంది. ఒక్క గుడ్డూ చిట్లలేదు. చివరికి అది లేచి మేతకు పోయింది. తాతమ్మ మాత్రం ఆ గంప ముందు నుంచి లేవలేదు. సుందరి రెక్క పట్టి లేపి ఇంట్లోకి తీసుకెళ్లింది.

నేను భట్టీ మళ్లీ కట్టుకున్నాను. కట్టిన మొదటి ఆదివారమే ట్రే నెత్తిన పెట్టుకుని తాతమ్మ ప్రత్యక్షమైంది. ఇక ప్రతి ఆదివారం అదే. ట్రే కాలేదాకా బల్ల మీద కూర్చుని రోడ్డు వైపు చూస్తుంది. కాలాక కూడా చూస్తుంది. ఎండ ముదిరాక, కొయ్యని ట్రే అలాగే ఎత్తుకుని పోతుంది. ఏం చేస్తోందా అని ఒకసారి వెనకాలే వెళ్లాను. సిప్పీఘాట్ దగ్గర సునామీకి మునిగి మళ్లీ తేలని పొలాలున్నాయి కదా, ఆ ఉప్పునీళ్లలో బోర్లించేస్తోంది. నాకు కోపం ఆగలేదు.

"తిండి నీళ్లపాలు చేస్తావా అప్పా? నీకు మతి పోయిందా? వీధిలో పిల్లలకైనా పెట్టొచ్చు కదా!"

"మూల ముక్క తియ్యకుండా ఎవులికి పెట్టను?" అంది. అంతే, ఖాళీ ట్రే చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఇంటికొచ్చి నేను అన్నం ముట్టలేదు.

తాతమ్మ మరిది, అంటే దానయ్య తమ్ముడు, ఉత్తరాన డిగ్లీపూర్‌లో పొలం చేసుకుంటాడు. ఒకసారి రోజంతా బస్సులో పడి వచ్చాడు. మంచివాడే. నా బల్ల మీదే కూర్చుని నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"వదినా, ఇంకా ఎన్నాళ్లు? పోయినోళ్లకి చెయ్యాల్సింది చెయ్యాలి కదా. ఆ పిల్లకి ఇష్టమైంది వండి, ఆకులో పెట్టి, ఒడ్డున పెట్టి కాకిని పిలుద్దాం. ఎక్కడుందో, దాని ఆకలి తీరద్దా?"

తాతమ్మ నా చెక్క పార ఎత్తింది. నేను అడ్డుపడకపోతే మరిది తల పగిలేదే. "బతికున్నదానికి ఆకేస్తావట్రా? నా గుంటకి ఆకేస్తావా?" అని ఆ రోజు అరిచిన అరుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. మరిది మర్నాటి బస్సుకే వెళ్లిపోయాడు. ఆ తర్వాత మా వీధిలో తాతమ్మ ముందు ఆకు మాట ఎవరూ ఎత్తలేదు.

కార్ నికోబార్ గిరిజనుల దీవి, అక్కడికి వెళ్లాలంటే మనలాంటివాళ్లకు పర్మిషను కావాలి. నూకన్న కాళ్లరిగేలా తిరిగి, కొన్నేళ్లకు ఆమెకది ఇప్పించి, తన షిప్పులోనే తీసుకెళ్లాడు. తాతమ్మ తిరిగొచ్చిన రోజు బేకరీ ముందు ఆపి అడిగాను.

"ఏమైందప్పా? ఏమైనా తెలిసిందా?"

"గుడ్లిచ్చినామె కనిపించింది" అంది. "బోటు తప్పిపోయిందని ఆ రాత్రి ఆళ్లింట్లోనే పడుకున్నాదట."

"తర్వాత?"

"హిందీలో చెప్పింది. నాకు అర్థమైంది." అని మూట చంకన పెట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ ఆదివారం ట్రే మామూలుగానే వచ్చింది, మామూలుగానే కాలింది. కానీ తాతమ్మ బల్ల మీద కూర్చోలేదు, రోడ్డు వైపు చూడలేదు. భట్టీ పక్కనే నిలబడింది. ట్రే బయటికి తీశాక, "కొయ్యి తమ్ముడూ" అంది. "నా చేత్తో కొయ్యలేను. మూల ముక్క కొయ్యి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లకు ఆ ట్రేకి కత్తి తగులుతోంది! ఇక ఈమె మామూలు మనిషవుతుంది, తను ఇంత తింటుంది, వీధికింత పెడుతుంది అనుకున్నాను. ఎంత పిచ్చివాణ్ని! "సుందరీ, మంచి ప్లేటు పట్రా, జల్దీ!" అని లోపలికి కేకేశాను. పూల అంచున్న పింగాణీ ప్లేటు తెచ్చింది. ముక్క కోస్తుంటే అంచు కరకరమంది. అందంగా ప్లేటులో పెట్టి, "తీసుకో అప్పా" అని రెండు చేతులతో ఇచ్చాను.

తాతమ్మ చెయ్యి చాపలేదు.

"ప్లేటులో కాదు తమ్ముడూ. ఆకులో పెట్టు."

సుందరి అక్కడే గోడకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. మా పెరట్లో అరటిచెట్టు ఉంది. చేతిలో ఉన్న కత్తితోనే వెళ్లి ఆకు కోశాను.