హిల్మ చూసిన పటం

ఓస్మో పురపాలక కార్యాలయంలో అడుగుపెట్టి ఇంకా కోటు విప్పలేదు, పక్క బల్ల దగ్గరి ఐలా అందుకుంది.

"విన్నావా? ముసలి హిల్మ నిన్న సాయంత్రం సరస్సులో పడిందట! మెడలో తాడుకి మంచుమేకులు వేలాడేసుకుంది కాబట్టి సరిపోయింది. వాటిని మంచుకి గుచ్చుకుంటూ పాకి బయటికొచ్చిందట. ఏం గట్టి ప్రాణం తల్లీ!"

"ఎక్కడ పడింది?"

"సన్నపాయ దగ్గర. దారి మూసేశాక అటు ఎవరైనా పోతారా?"

ఓస్మో కోటుతోనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఆ దారిని మూసింది తనే.

ఊరి పటాలన్నీ అతని చేతిలోవే. చలికాలంలో సరస్సు మీది దారి పటంలో నీలిగీతగా కనిపిస్తుంది. మా ఫిన్లాండ్ ఊళ్లలో జనం ఫోనులో ఆ గీత చూసుకునే మంచు మీద కాలు పెడతారు. సరస్సు ఇరుకయ్యే సన్నపాయ అడుగున నీరు పారుతుంది గనుక అక్కడ మార్చిలోనే మంచు పలచబడుతుంది. నిన్న మధ్యాహ్నం మంచు పలచబడిందని కబురు రాగానే ఓస్మో, పటంలో ఏమేం కనబడాలో రాసి ఉండే కాన్ఫిగరేషన్ ఫైలులోంచి ఆ గీతను తీసేశాడు. తన కంప్యూటర్లో చూసుకుంటే గీత లేదు. కానీ అతని కంప్యూటర్ అడిగినప్పుడల్లా ఫైలును కొత్తగా చదువుతుంది. ఊరంతా చూసే పెద్ద సర్వర్ అలా కాదు. ఒకసారి చదివింది జ్ఞాపకంలో పెట్టుకుని, మళ్లీ చదువుకోమని చెప్పేదాకా ఆ పాతదే చూపిస్తూ కూర్చుంటుంది. ఆ ఒక్క మాట చెప్పబోతుండగా ఐలా కాఫీకి పిలిచింది. ఆమె పుట్టినరోజు, ఏలకుల కేకు. కాఫీకి పిలిస్తే లేవకపోవడం మా వైపు పెద్ద తప్పు. లేచాడు. కేకు తిన్నాడు. అటునుంచి అటే ఇంటికి పోయాడు.

ఇప్పుడు పటం తెరిస్తే నీలిగీత దర్జాగా పాయ దాటుతోంది. వెంటనే సర్వర్ చేత ఫైలు మళ్లీ చదివించాడు. గీత మాయమైంది. ఇంకెవరూ పడకూడదని చేసిన పనే అది. దాంతోపాటు హిల్మ మాటకున్న సాక్ష్యం కూడా పోయిందని సాయంత్రం ఊరి కొట్టులో గాని అతనికి తెలియలేదు.

"పటం చూసే బయల్దేరానంటోంది మా అమ్మ," హిల్మ కూతురు పిర్కో కాఫీ బల్ల దగ్గర చెబుతోంది. "పొద్దున నేనూ చూశాగా, దారే లేదు! మంచు మీద మిగిలిపోయిన తన్నుబండి తెచ్చి మా కొట్టంలో పెట్టి తాళం వేశాను."

కాలితో తన్నుకుంటూ మంచు మీద నడిపే ఆ బండే హిల్మకు కాళ్లు. అది లేకపోతే ఇల్లు కదలలేదు.

"వయసు మరి," అన్నాడు కొట్టాయన. "రేపు నిన్ను పట్టుకుని నువ్వెవరంటుంది."

అందరూ నవ్వారు. రొట్టె పట్టుకుని వరుసలో నిలబడ్డ ఓస్మో డబ్బులిచ్చి బయటికొచ్చాడు.

మర్నాడు పొద్దున్నే హిల్మ తలుపు తట్టాడు. పిర్కో కూడా అక్కడే ఉంది.

"హిల్మత్తా, మీరు చూసినప్పుడు దారి ఉంది. సర్వర్‌కి చెప్పడం నేను మరిచాను. తర్వాత సరిచేసి, నోరు మూసుకున్నాను."

హిల్మ దుప్పటి జరుపుకుంది. "ఏం చేస్తూ మరిచావు?"

"కేకు తింటూ."

"బాగుందా?"

ఓస్మో తల దించుకున్నాడు. "బాగుంది, అత్తా."

"విన్నావుటే పిర్కో? మతి పోయింది నాకు కాదు!"

పిర్కో ముఖం కందిపోయింది. వెళ్లి కొట్టం తాళం తీసి బండి తోసుకొచ్చింది.

"నాకు చెప్పి లాభమేంటి అబ్బాయ్? నాకు ముందే తెలుసు. నన్ను పిచ్చిదాన్ని చేసింది కొట్టులో. అక్కడ చెబుదువు గాని, కూర్చో." బండికి ముందువైపు సంచులు పెట్టుకునే పీట చూపించింది.

"నేను నడిచి వస్తాను అత్తా..."

"కూర్చోవయ్యా! నడిస్తే దారిలో మళ్లీ మరిచిపోతావు."

వీధిలో మంచు ఇంకా గట్టిగానే ఉంది. మోకాళ్లు ముడుచుకుని, ఖాళీ సంచి ఒళ్లో పెట్టుకుని ఓస్మో కూర్చున్నాడు. వెనక ముసలావిడ రొప్పుతూ తన్నుతోంది. కిటికీల్లో తెరలు కదులుతుంటే అతను ముఖం తిప్పుకోలేదు. తిప్పుకునే హక్కు తనకు లేదనిపించింది.

కొట్టులో అతను నేరుగా కాఫీ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఆమె చూసిన పటంలో దారి ఉంది," అన్నాడు, అందరికీ వినబడేలా. "తప్పు నాది. ఆమె చచ్చిపోయేది."

ఎవరూ నవ్వలేదు. కొట్టాయన కాఫీ కూజా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చూస్తావేం, కాఫీ పొయ్యి," అంది హిల్మ కుర్చీ లాక్కుంటూ. "అతనికీ ఒకటి పొయ్యి. కేకు మాత్రం పెట్టకు."