షేర్ ఆటోలో చైనా పాఠం

మా అక్క హైదరాబాద్‌లో, యూనివర్సిటీలో, ఆధునిక చైనా చరిత్ర, అంతర్జాతీయ సంబంధాలు చెబుతుంది. నేను ఎనిమిదో తరగతిలోనే జనగామ బడికి నా పీడ వదిలించి, మహబూబాబాద్‌లో షేర్ ఆటో నడుపుతున్నాను. చైనాతో నాకున్న సంబంధమల్లా నా ఆటో హారను. అక్కడి సరుకే. మూడు నెలలకే గొంతు పోయింది.

ఏళ్ల తరబడి అక్కది కాంట్రాక్టు ఉద్యోగమే. చివరికి పర్మినెంటు పోస్టుకు ఇంటర్వ్యూ పిలుపొచ్చింది. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం. పెద్దల ముందు పది నిమిషాలు పాఠం చెప్పి చూపాలి. రెండు రోజుల ముందు ఇంటికొచ్చి, కాగితాలు పట్టుకుని గోడకు పాఠం చెబుతోంది.

"గోడకు నిద్ర రాదక్కా. నిద్రొచ్చేటోళ్లకు చెప్పి చూడు. పా, ఆటోల కూసో."

మిరపకాయ ఏరడానికి పోయే ఆడవాళ్లతో ఆటో నిండింది. "మా అక్క చైనా ముచ్చట చెప్తది, జర వినుండ్రి. నవ్వినోళ్లను నడిమిట్లనే దింపుత," అన్నాను.

అక్క మొదలుపెట్టింది. రాజవంశం కూలింది, గణతంత్రం వచ్చింది, ఒప్పందాలు, తీర్మానాలు. అద్దంలో చూస్తే ఒకావిడ కునుకు తీస్తోంది. ఇంకొకావిడ తన స్టేజీ రాగానే సద్దిగిన్నెతో దిగిపోయింది.

"ఆమెకు ఆబ్సెంట్ ఏసుకో అక్కా," అన్నాను. అక్క చూసిన చూపుకు అద్దం పగలాల్సింది.

అప్పుడు మూలకు ఒదిగి కూర్చున్న అవ్వ అడిగింది. "రాజు పోయిండు, మంచిగైంది. మరి భూములెవలకొచ్చినయ్ బిడ్డా?"

అక్క నోరు తెరిచేలోగా చేను వచ్చింది, అవ్వ దిగిపోయింది. తిరుగు దారంతా అక్క కాగితాలు తిరగేస్తూ కూర్చుంది. ఇంటికెళ్లి మొదటి నాలుగు కాగితాలు చింపేసింది.

ఇంటర్వ్యూలో అవ్వ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టిందట. పది నిమిషాలు దాటినా ఎవరూ ఆపమనలేదట. నెల తిరక్కుండా ఆర్డరు చేతికొచ్చింది.

గురుదక్షిణగా కొత్త హారను కొనిమ్మన్నాను.

"ప్రశ్న అడిగింది నువ్వా? అవ్వ," అంది అక్క. ఈసారి ఇంటికొచ్చినప్పుడు పొద్దున్నే ఆటో ఎక్కి, అవ్వ పక్కనే ఇరుక్కుని కూర్చుంది.

"అవ్వా, ఆనాడు అడిగినవ్ గదా. రాజు పోయిన నలభై ఏండ్లకు దున్నెటోళ్లకే భూములు పంచిన్రు. కొన్నేండ్లకు మళ్ల అందరియి కలిపి ఉమ్మడి చేసిన్రు."

"ఇచ్చి గుంజుకున్నరా? నేను గట్లనే అనుకున్న," అంది అవ్వ, చైనాకు పోయొచ్చినంత ధీమాగా. "ఆపు కొడుకా, చేనొచ్చింది." దిగి, మళ్లీ లోపలికి తొంగి చూసింది. "తర్వాత ఏమైందో రేపు చెప్పు బిడ్డా. గీ ఆటోకే వస్త."

మర్నాడు పొద్దున నేను బయటికొచ్చేసరికి అక్క ఆటోలో కూర్చుని ఉంది. సెలవు ఇంకో రోజు పెంచుకుందట.