తలుపవతల అడిగిన పేరు

సిద్దమ్మ తండ్రి పేరు నోటితో పలికి ఎరగదు. ఆ మాటకొస్తే నాయనను పేరు పెట్టి పిలిచే ఆడబిడ్డ ఎవరుంటారు? కానీ ఆ ఇంటి సంగతి వేరు. పద్నాలుగేళ్లుగా అక్కడ ఆ పేరు ఎవరూ పలకలేదు. ఓబయ్య అనే మనిషి ప్రొద్దుటూరులో ఉన్నాడని ఎవరికీ తెలియకూడదు. ఆ పేరు రేషను కార్డు మీద ఒక్కచోటే ఉంది. ఆ కార్డును సిద్దమ్మ ట్రంకుపెట్టె అడుగున చీరల కింద దాచి, బియ్యానికి తానే పోయేది.

ఓబయ్యది జమ్మలమడుగు అవతల ఎర్రకొట్టాలు. గొర్రెలు మేపుకునే మనిషి. ఊరి పెద్దాయన ఒకడు పార్టీ టికెట్టు కోసం తిరిగే రోజుల్లో, జీపు వెనక కూర్చోవడానికి గుండె గట్టి మనుషులు కావలసి వచ్చారు. ఓబయ్య గొర్రెల్ని అల్లుడు ఎర్రన్నకు అప్పగించి జీపెక్కాడు. ఎక్కి సంపాదించింది ఏమిటయ్యా అంటే, ఒక కేసులో ఐదో ముద్దాయి అనే హోదా. అవతలి వర్గంలో ఇద్దరు చచ్చారు. ఓబయ్య చెయ్యి ఎత్తాడో లేదో ఆయనకే తెలియాలి, సిద్దమ్మ ఎన్నడూ అడగలేదు. కేసు కొట్టేశారు, పేరు మాత్రం అవతలివాళ్ల పగలో మిగిలింది. ఆ వారంలోనే కూతురి సంసారాన్ని వెంటబెట్టుకుని ప్రొద్దుటూరు వచ్చి, పప్పుమిల్లు వెనక సందులో ఒంటిగది ఇంట్లో పడ్డాడు.

అప్పటి నుంచి ఆ ఇంటికి కొన్ని చట్టాలు. పోయిన దారిన తిరిగి రాకూడదు. పులివెందులకు పోతూ కడపకు పోతున్నానని చెప్పాలి. ఎవరైనా ఫలానా రోజు రమ్మంటే ఆ రోజు పోకూడదు. తలుపు అవతల ఎవరు ఏ మగవాడి పేరు అడిగినా, తలుపు తీయకుండా ఒకటే మాట: "ఆ పేరున్నోళ్లు ఈడ లేరు." సిద్దమ్మకు ఇవన్నీ అన్నం తిన్నంత అలవాటైపోయాయి.

ఈలోగా ఆ ఊరి పెద్దాయన రెండు పార్టీలు మారాడు. చివరికి అవతలి వర్గం నాయకుడి పక్కనే ఒకే వేదిక మీద నిలబడి దండ వేయించుకున్నాడు. పేపర్లో ఆ ఫొటో చూసి సిద్దమ్మకు ఒళ్లు మండింది. తీసుకుపోయి తండ్రి ముందు పెట్టింది.

"సూడు నాయనా, ఎట్ల నగుతాండారో! ఇంగేంది మనకు బయం?"

"వాళ్లు పెద్దోళ్లు మే, కలుస్తారు. మనల్ని ఎవురు కలుపుతారు?" అన్నాడు ఓబయ్య, ఫొటో తాకకుండానే.

ఆయనకు అరవై ఎనిమిదేళ్లు, షుగరు. ఆ ఎండాకాలం, పోయిన దారిన రాకూడదు కనక బీడు మీదుగా అడ్డంగా నడిచి వస్తుంటే కుడికాలి వేలికి తుమ్మముల్లు దిగింది. నొప్పి తెలియలేదు. తెలిసేసరికి వేలు ఉబ్బి రసి కారుతోంది. సిద్దమ్మ మిల్లులో ఒక పూట కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది.

"పేరేంది తాతా?" అన్నాడు చీటీలు రాసే అతను.

"నారాయణ."

"ఊరు?"

"చెన్నూరు."

ఫోను నంబరులో చివరి రెండంకెలు కూడా మార్చి చెప్పాడు. పక్కనే ఉన్న సిద్దమ్మకు అందులో తప్పేమీ కనిపించలేదు. డాక్టరు చీము తీసి పరీక్షకు పంపి, మాత్రలు రాసి, శుక్రవారం తప్పకుండా రమ్మన్నాడు.

శుక్రవారం ఓబయ్య కదల్లేదు. "సెప్పిన పొద్దు పోతే కాపు కాసేటోడికి సులువు. సోమారం పోదాం" అన్నాడు. సిద్దమ్మ గొణిగింది, కసురుకుంది, చివరికి మిల్లుకు పోయింది. సోమవారం ఎంత దూరం అనుకుంది.

శనివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది.

"అమ్మా, నారాయణ అని పెద్దాయన ఉండేది ఈ ఇంట్లోనేనా?" ఆడగొంతు, ఎప్పుడూ వినని గొంతు.

"ఆ పేరున్నోళ్లు ఈడ లేరు."

"ముసలాయనమ్మా. ఈ సందులోకి కుంటుకుంటా పోతాంటే సూసినా."

నారాయణ అన్నది తామే ఇచ్చుకున్న పేరని ఆ క్షణాన సిద్దమ్మకు తట్టలేదు. ఎవరో నాయనను గుర్తుపెట్టుకుని చూశారన్నదొక్కటే తలలో తిరిగింది.

"లేరంటే లేరు. పో ఈన్నించి!"

అడుగులు కాసేపు ఆగి, తర్వాత వెళ్లిపోయాయి. లోపల మంచం మీద ఓబయ్య ఊపిరి బిగబట్టి కూర్చుని ఉన్నాడు. ఆ సోమవారం ఆసుపత్రికి పోలేదు. ఆ వారమంతా గడప దాటలేదు. సిద్దమ్మ మందుల షాపులో అవే మాత్రలు కొని తెచ్చి మింగించింది. మిల్లులో పప్పు జల్లిస్తున్నా మనసంతా ఇంటి తలుపు మీదే. దారిలో ఎవరు రెండుసార్లు కనిపించినా నడక మార్చి సందులు తిరిగి ఇల్లు చేరేది. కాలు చూడాలా, సందు చూడాలా? సందునే చూసింది. పదో రోజు పొద్దున కట్టు విప్పితే పాదం నల్లబడి ఉంది, గదంతా వాసన. ఓబయ్య జ్వరంతో మూలుగుతున్నాడు. ఇక చట్టాలేవీ గుర్తు రాలేదు. ఆటో పిలిచి తండ్రిని ఎత్తి కూర్చోబెట్టింది.

డాక్టరు చూసి తల అడ్డంగా ఊపాడు. మోకాలి కింద దాకా తీసెయ్యాలి, అదీ ఈ పూటే. లేకపోతే మనిషి దక్కడు. నలభై వేలు అవుతుంది, రేషను కార్డు ఉంటే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద పైసా అక్కర్లేదు. సిద్దమ్మ సొంత గొర్రెలు పదకొండు. వాటిని తోలుకుని ఎర్రన్న చక్రాయపేట కొండల్లో ఎక్కడో ఉన్నాడు. కబురు చేరేసరికే రెండు రోజులు పడుతుంది.

కట్టు కడుతున్న నర్సు జ్ఞానమ్మ తలెత్తి సిద్దమ్మను అదేపనిగా చూసింది.

"తలుపు ఎనకాల మాట్లాడింది నువ్వే గదమ్మా? ఆ గొంతు మర్సిపోలేదు నేను. రిపోర్టు సూసి డాక్టరు ఫోను సేయమన్యాడు. నంబరు తగల్లేదు. మా ఇల్లు మీ ఎనక సందే. పెద్దాయన కుంటుకుంటా పోతాంటే ఒకసారి సూసినా, అందుకే వస్తి. ఆసుపత్రి నించి వచ్చినానని సెప్పేలోపే పొమ్మంటివి. ఆ పొద్దు తలుపు తీసింటే వేలితో పోయేది."

సిద్దమ్మకు తన చేతులు తానే నరుక్కోవాలనిపించింది. ఓబయ్య ఇదేదీ వినే స్థితిలో లేడు.

సిద్దమ్మ పరుగున ఇంటికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి కార్డు తెచ్చింది. కార్డు సంగతి చూసే బల్ల పెద్ద హాల్లో ఉంది. చీటీలో నారాయణ, కార్డులో ఓబయ్య. అలా కుదరదన్నాడు గుమాస్తా. మనిషిని ఇక్కడికి తీసుకురావాలి, పేరు పిలిచినప్పుడు నేనే అని పలకాలి, ఫొటో దిగాలి, వేలిముద్ర వెయ్యాలి. జ్ఞానమ్మ చక్రాల మంచం తోసుకొచ్చింది. హాలు నిండా జనం. సగం మంది జమ్మలమడుగు బస్సు దిగి వచ్చినవాళ్లే. ఓబయ్య కళ్లు తెరిచి వాళ్లను చూసి, తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాడు.

"ఓబయ్య ఎవరు? ఓబయ్య!" అన్నాడు గుమాస్తా.

తువ్వాలు కదల్లేదు.

"నాయనా, పలుకు. నిన్నే పిలుస్తాండారు."

"నేను నారాయణ."

"నీ కాళ్లు మొక్కుతా నాయనా, పలుకు."

"ఇంటికి తీసకపో మే. సస్తే నా మంచంలో సస్తా. ఈళ్ల కత్తులకు సావను."

"లేకపోతే పక్కకు జరగండమ్మా, ఎనక మంది ఉండారు" అన్నాడు గుమాస్తా, మరో కార్డు అందుకుంటూ.

అప్పుడు పుట్టిందమ్మా సిద్దమ్మకు కోపం. తండ్రి మీదా, జీపు మీదా, ఆ తలుపు మీదా, అన్నిటికన్నా తన మీద తనకు. ఎగిరి బల్ల మీద అరచేత్తో కొట్టింది.

"ఓబయ్య ఈడుండాడు! ఎర్రకొట్టాల ఓబయ్య! జీపు కేసులో ఐదో ముద్దాయి ఓబయ్య! మా నాయన! ఇదో, ఈడే ఉండాడు, రాసుకోండి!"

అరిచి, తండ్రికి అడ్డంగా నిలబడి హాలు వైపు తిరిగింది. ఎవరు లేస్తారు, ఎటు నుంచి వస్తారు?

ఒకామె బిడ్డకు బత్తాయి వలుస్తోంది. ఒకాయన ఎక్స్‌రే కవరుతో విసురుకుంటున్నాడు. గట్టిగా అరిచినందుకు ఇద్దరు ముగ్గురు చిరాగ్గా చూసి, మళ్లీ తమ వంతు చీటీల్లో తలలు దూర్చారు.

ఓబయ్య తువ్వాలు మెల్లగా దించాడు.

"ఎవురన్నా లేసినారా మే?"

"లేదు నాయనా."

"ఎర్రకొట్టాలని గూడా సెప్తివే."

"సెప్తి."

ఆయన ఒక్కొక్క మొహాన్నీ వెతికాడు. తనను ఎరిగిన మనిషి ఒక్కడైనా ఉంటే బాగుండునన్నట్టు వెతికాడు. తర్వాత వేలు చాపాడు. గుమాస్తా సిరా పూసి ముద్ర వేయించుకున్నాడు, ఫొటో తీసుకున్నాడు.

ఆపరేషను గది వైపు మంచం కదిలింది. తలుపు దగ్గర ఓబయ్య కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"అట్లయితే, ఆ శనివారం తలుపు కొట్టింది ఎవురు?"

సిద్దమ్మ మంచం తోస్తున్న జ్ఞానమ్మ వైపు చూసింది. అబద్ధం నోటిదాకా వచ్చింది. పద్నాలుగేళ్ల అలవాటు కదా. మింగేసింది.

"ఈయమ్మే నాయనా. నీ కాలు కోసరం వచ్చింది. నేనే లేరని పంపించేస్తి." ఏడుపు ఆగలేదు.

ఓబయ్య నల్లబడిన పాదం వైపు చూసుకున్నాడు.

"నువ్వేం సేస్తావు మే," అన్నాడు, "ఆ మాట నేర్పింది నేను గదా."

జ్ఞానమ్మ మంచం లోపలికి తోసింది.