రాకాసి కొండ

మొన్న లాలాపేట్ మార్కెట్లో ఎండుచేపల వాసన తగలగానే మా పెదనాయన గుర్తొచ్చి, ఎప్పటిలాగే పెదవి విరిచాను.

ఆయన నాచారంలో ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆదివారం వస్తే గల్లీ పిల్లలను అరుగు మీద కూర్చోబెట్టి, విశాఖ దగ్గర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కొండ కథ చెప్పేవాడు. అది కొండ కాదట, మొగుడి పడవ కోసం ఎదురుచూసి రాయైపోయిన రాకాసి అట. "నేను పొయ్యి దాని భుజం మీద కూసున్న, బిడ్డా. దాని ఏడుపు ఇనబడ్డది," అనేవాడు. నేను ప్రతి మాటా నమ్మాను.

నా తొమ్మిదో ఏట, ఉమ్మడి రాష్ట్రం ఉన్నప్పుడే, ఇంట్లోవాళ్లం అందరం అక్కడికి వెళ్లాం. నేను బండల్లో రాకాసి ముక్కు, వేళ్లు వెతుకుతుంటే, పెదనాయన అలలో వేలు ముంచి నాకి, "అరే, నిజంగనే ఉప్పగుంది," అన్నాడు. ఆయన అంతకుముందు సముద్రమే చూడలేదని అప్పుడర్థమైంది. ఎండుచేపలమ్మే ఆమెను అడిగాను. "రాకాసేటమ్మా, ఇది రాయే కదా," అని నవ్వింది.

ఇంటికొచ్చి గల్లీ అంతా చాటాను, మా పెదనాయన అబద్ధాలకోరని. తర్వాతి ఆదివారం పిల్లలొస్తే ఆయన తలెత్తకుండా, "నాకేం తెల్వదు, అక్కనడుగున్రి," అన్నాడు.

నేను గర్వంగా అరుగెక్కాను. "గది ఉత్త రాయి. మస్తు జారుతది."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

వాళ్లు లేచి ఆడుకోవడానికి పోయారు.

ఆయన అబద్ధాలంటే నాకు ఇప్పటికీ చులకనే. కానీ ఎవరైనా ఆ కొండ గురించి చెప్పమంటే, ఆయన చెప్పింది తప్ప నాకు ఇంకేమీ రాదు.